కడిగేకొద్దీ

ఆ పొద్దు ఆకాశంలో మేఘం లేదు, నీలమూ లేదు. తెల్లవారేసరికే సున్నపు తేట మాదిరి తెల్లగా, పలుచగా ఉంది. పడమట కర్ణాటక వైపు దుమ్ము లేచి, గాలి లేక అక్కడే నిలబడిపోయింది. దుమ్ము అట్లా నిలబడిన రోజు మధ్యాహ్నానికి షెడ్డు రేకులు ఎట్లా కాలుతాయో, మా కంబదూరు పక్కన పట్టుపురుగులు మేపేవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి వాటిమీద నీళ్లు చల్లుతూ ఉన్నాను. పిల్ల పురుగులు వచ్చేది ఆ రోజే.

లోపల నా భార్య సువర్ణ నేల కడుగుతోంది. బ్లీచింగు పౌడరు, సున్నం కలిపిన నీళ్లు బకెట్టుతో పోసి చీపురుతో తోస్తోంది. కొత్త పురుగులు వచ్చే ముందు అట్లా కడగాలి. నేల, గోడలు, పురుగులను పెట్టే అరలు, చివరికి మా చెప్పులు కూడా. ముందటి పంట రోగం ఏ మూలైనా మిగిలి ఉంటే దాంతో చచ్చిపోతుంది. ఆ ఘాటుకు కళ్లల్లో నీళ్లు కారతాయి. చేతులు పగులుతాయి.

పట్టాల సందులోంచి నేను ఆమెను చూస్తున్నాను. కాసేపు తోసేది, ఆగి స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడేది. మళ్లీ తోసేది. ముళ్లల్లో నడిచేవాళ్ల మాదిరి కాళ్లు ఎడంగా వేసేది. పెళ్లయిన కొత్తలో సువర్ణ నాకంటే ముందు నడిచేది. మల్బరీ తోటకు పోతే గట్టుమీద నేనే వెనక పడేవాణ్ణి. వెనక్కి తిరిగి, "ఏం బావా, అప్పుడే ముసలోనివైనావా?" అని నవ్వేది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

చలికాలం పోతూనే ఆమె చాప మార్చింది. లోపల ఉక్కగా ఉందని చెప్పి మా అమ్మ పక్కన పంచలో వేసుకుంది. ఉక్క నాకూ ఉంది. నన్నూ బయటికి రమ్మనలేదు. ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో మనిషిని మనిషి అడిగే అలవాటు తక్కువ. నేను నచ్చలేదేమో అనుకున్నాను. పదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివినవాణ్ణి, మాట రాని మనిషిని. ఆమె శింగనమల పక్క పిల్ల, నీళ్లున్న ఊరి నుంచి వచ్చింది. ఇక్కడి రాళ్లు, దుమ్ము, నేను, అన్నీ కలిసి ఆమెకు విసుగొచ్చి ఉంటుందని అనుకునేవాణ్ణి. రాత్రి పంచలో ఆమె గాజులు కదిలితే లోపల నాకు వినిపించేది. ఆమె కూడా నిద్రపోలేదని తెలిసేది.

మా అమ్మ చెన్నమ్మ షెడ్డు గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"మే సువర్ణా, స్నానం చేసినావా?"

"చేసినానత్తా."

"పురుగంటే దేవునితో సమానం మే. రవ్వంత మైల తగిలినా నిలవదు. లోపలికి పోయేటప్పుడల్లా ఒళ్లు కడుక్కోవల్ల."

"కడుక్కుంటానే ఉండా అత్తా."

అమ్మ తృప్తిగా తలాడించి వెళ్లిపోయింది. సువర్ణ బ్లీచింగు డబ్బా మూత తీసి లోపలికి చూసింది. మొన్న తెచ్చిన డబ్బా. అప్పుడే సగానికి వచ్చింది.

పొద్దెక్కేలోపు ఆటోలో పురుగులొచ్చాయి. పిల్ల పురుగులను పెంచే చాకీ కేంద్రంవాళ్లు రెండు జ్వరాలు దాటించి మాకిస్తారు. పురుగు పాత తోలు విడిచే సమయాన్ని మేము జ్వరం అంటాము. అప్పుడు అది మేత మానేసి, తల కొంచెం పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. తోలు విడిచాక లేచి మళ్లీ మేస్తుంది. అట్లా నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది. సువర్ణ వాటిని అరల్లో సర్దుతూంటే నేను ఆకు వేశాను. ఇద్దరి చేతులూ ఒకే అరలోకి పోయినప్పుడు ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్క తోట కుళ్ళాయప్పది. నలభై దాటినా పెళ్లి కాలేదు. ఒక్కడే పురుగులు మేపుకుంటాడు, ఒక్కడే వండుకుంటాడు, ఊళ్లోని కాపురాలన్నింటికీ సలహాలిస్తాడు. మర్నాడు నేను మల్బరీ కొమ్మలు కోస్తూంటే గట్టుమీదికి వచ్చాడు.

"ఏమప్పా తిప్పయ్యా, షెడ్డులోనే పండుకుంటాండావంట?"

"ఎలకల భయం గదన్నా."

"ఎలకలా. పెండ్లాం ఇంటికాడ, మొగుడు ఎలకల కాడ. శానా బాగుండాది."

"నీకేం తెలుసన్నా కాపురం సంగతి?"

"తెలీకనే గదప్పా ఇంత దూరం నిలబడి చూస్తాండేది. దూరాన్నుంచి అయితే బాగా కనపడ్తాది."

నవ్వాడు. నేను కొమ్మలు కట్టగట్టి నెత్తిన పెట్టుకున్నాను. మోపు కింద మొహం కనిపించకపోవడం మంచిదైంది.

మూడో జ్వరం బాగానే దాటింది. నాలుగోది లేచాక ఎండ ముదిరింది. గోనెపట్టాలు తడిపిన వెంటనే ఆరిపోయేవి. ఒక పొద్దున ఆకు వేయడానికి పోతే కింది అరలో కొన్ని పురుగులు ఉబ్బి, తోలు నిగనిగలాడుతూ, మేత ముట్టకుండా అంచులెంబడి తిరుగుతున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే పాలలాంటి నీళ్లు కారాయి. పాలరోగం.

అమ్మ గడపలోనే కూలబడింది.

"ఎవురో మైలతో లోపలికి పోయినారు. లేకుంటే ఎట్ల వస్తాది?"

ఎవరివైపూ చూడలేదు. చూడనక్కరలేదు, లోపలికి పోయేది ముగ్గురమే. సువర్ణ చేతిలో ఆకు కొమ్మ ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టి బయటికి పోయింది. స్నానాల మరుగు వెనక చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. మా ఊళ్లో అంతసేపు ఎవరూ నీళ్లు పోసుకోరు.

మధ్యాహ్నం సంచి పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"బావా, నేను మా అమ్మోళ్ల ఊరికి పోతా."

"ఇప్పుడా? పెద్ద మేత టైము గదా."

"నేను లేకుంటేనే మంచిది పురుగులకు."

"అమ్మ మాటకేం లే. ఆమె అట్లే అంటాది."

"ఆమె అన్న్యాదని కాదు."

"మళ్లెప్పుడొస్తావు?"

సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "పంట కానీ" అంది.

రోడ్డు దాకా తోడు పోయాను. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. పైకమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు మలుపు తిరిగే దాకా నిలబడే ఉంది.

ఆ తరువాతి రోజులు నేను షెడ్డు దాటి పోలేకపోయాను. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఆకలి ఎక్కువ. కొమ్మలు వేసీ వేయకముందే ఈనెలు మిగులుతాయి. అవన్నీ ఒక్కసారి మేస్తే షెడ్డంతా జల్లు పడినట్టు చప్పుడు. బయట ఆకాశం ఎండిన గంజి మాదిరి, లోపల వాన చప్పుడు. రోగం తగిలినవాటిని ఏరి సున్నం నీళ్లలో వేసేవాళ్లం. అమ్మ, నేను. అమ్మ నడుం పట్టేసి మధ్య మధ్య గోడకు ఆనుకునేది. సువర్ణ పేరు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సువర్ణ కొడవలి షెడ్డు గోడకు వేలాడుతూ ఉండేది. పిడికి పాత చీర పేలిక చుట్టి పెట్టుకుంది, చెయ్యి బొబ్బలెక్కకుండా. నా కొడవలి మంచిదే అయినా పక్కన పెట్టి ఆమెదాంతోనే ఆకు కోశాను. నా పిడికిలికి చిన్నది. అయినా కోశాను.

సాయంత్రం మేత వేశాక ఫోను చేసేవాణ్ణి.

"తిన్న్యావా?"

"తింటి. పురుగులెట్లుండాయి?"

"మేస్తాండాయి."

"పాలరోగం?"

"తగ్గింది."

"నేనీడికొచ్చినాక తగ్గిందా?" అని అడిగింది.

"మందు పొడి చల్లినాక తగ్గింది."

"సరే బావా" అని పెట్టేసింది.

నువ్వు లేక ఇల్లు ఇల్లుగా లేదు అని చెప్పాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ప్రతిసారీ పురుగుల సంగతే వచ్చేది. ఫోను జేబులో పెట్టుకున్నాక ఆ మాట నోట్లోనే నానుతూ ఉండేది.

పురుగులు గూడు కట్టే అదనుకొచ్చి పండుబారే ముందు రోజు కుళ్ళాయప్ప మా పంచలోకి వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది నీరసంగా ఉన్నాడు.

"మా షెడ్డులో కూడా పాలరోగమే పెద్దమ్మా. సగం అరలు ఎత్తి పారేస్తి."

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "నీకెట్ల వచ్చిందప్పా?"

"నాకేం తెలుసు. మా ఇంట్లో మైల తెచ్చేదానికి ఆడదే లేకపాయ. దేవుని పటం కూడా హనుమంతునిదే." తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "ఎండకొచ్చిందిలే పెద్దమ్మా. రేకులు కాలితే ఎవురి ఇంట్లోనైనా వస్తాది."

అమ్మ రాళ్లు ఏరుతూనే ఉంది. కుళ్ళాయప్ప లేచి పోయాక చేట పక్కన పెట్టి, నావైపు చూడకుండానే చెప్పింది.

"పురుగులు చంద్రికలెక్కినాక నాలుగు పొద్దులు ఏం పని ఉండదు. పోయి ఆ యమ్మిని పిల్చుకోని రా."

చంద్రికలంటే పురుగులు గూళ్లు కట్టుకునే తడికెలు. పండిన పురుగులను వాటిమీద వేశాక కదిలించకూడదు. షెడ్డులో వాన చప్పుడు ఆగిపోయింది. నేను తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కాను. అనంతపురంలో మారి శింగనమల దాటి వాళ్ల ఊళ్లో దిగేసరికి మధ్యాహ్నమైంది.

సువర్ణ పెరట్లో మేకలకు చెట్టు కొమ్మలు విరిచి వేస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. చిక్కిపోయింది. వాళ్లమ్మ నీళ్లిచ్చి, అల్లుడొచ్చాడని కోడిని పట్టుకోవడానికి వీధిలోకి పరుగెత్తింది. పెరట్లో మేమిద్దరం, మేకలు.

దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటే మిగిలింది.

"నాకాడ ఏమన్నా తప్పుండాదా?"

ఆమె నావైపు చూసింది. చాలా రోజులకు నేరుగా చూసింది.

"నీకాడేముండాది బావా. నా ఒంట్లో ఉండాది."

"ఏమి?"

"దురద. మంట. యాడ అని అడగద్దు."

"అడగను."

కొమ్మ విరిచి మేకకు అందించింది. అది నములుతూంటే దానివైపే చూస్తూ చెప్పింది. "ఆడోళ్లకుండే కాడ. కూకుంటే మంట, నడిస్తే మంట, ఒంటేలుకు పోతే నిప్పు. శెనిక్కాయలు పీకినప్పుడు మొదలైంది. పోతాది, మళ్లా వస్తాది."

"ఎవురికన్నా చెప్పినావా?"

"మెడికల్ షాపాయనకు. కాలిమీద గజ్జి అని చెప్తి. ట్యూబు ఇచ్చినాడు. పూస్తే నాలుగు పొద్దులు బాగుంటాది. మానితే ముందుకంటే ఎక్కువ. అట్ల మూడు ట్యూబులు అయిపాయ."

"మీ అమ్మకు?"

"చెప్తే ఏమనుకుంటాది. పెండ్లయినాక వచ్చింది గదా."

ఆ మాటలో నేనూ ఉన్నానని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"డాక్టరు కాడికి పోదాం" అన్నాను.

"మొగ డాక్టరైతే నేను రాను."

"ఆడామెనే కనుక్కుంటా."

మర్నాడు పొద్దున్నే అనంతపురం పోయాము. చర్మం డాక్టరమ్మ ఒకామె ఉందని బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో అడిగితే ఆయన భార్య చెప్పింది. చిన్న ఇల్లు, ముందు బెంచీలు. సువర్ణ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె పక్కన నేనూ నిలబడ్డాను. లోపలికి పిలిచాక సువర్ణ ఒక్కతే వెళ్లింది. చాలాసేపటికి నర్సు తలుపు తీసి, "మీ ఆయమ్మ నిన్ను కూడా రమ్మంటాంది" అంది.

డాక్టరమ్మ పెద్దామె. తలంతా నెరిసింది. మాటలో మా పక్క యాస ఉంది.

"కూకోప్పా. ఈమె నిన్ను పిలవమని చెప్తేనే పిలిచినా. చూసినా, తోలు మీది పొట్టు రవ్వంత తీసి అద్దం కింద పెట్టి కూడా చూసినా. ఫంగసు లేదు. అంటురోగం లేదు. నీ నుంచి ఈమెకు వచ్చింది కాదు, ఈమె నుంచి నీకు వచ్చేది కాదు. తోలు దెబ్బతినింది, అంతే." తరువాత సువర్ణవైపు తిరిగింది. "ఇంగ చెప్పమ్మా. ఏమేం పెట్టినావు ఆడ?"

సువర్ణ తలవంచుకుని చెప్పింది. "సబ్బు."

"ఏ సబ్బు?"

"మందు వాసనొచ్చేది. రోగాలు పోతాయంట గదా."

"ఊఁ. ఇంగా?"

"యాపాకు నీళ్లు. పసుపు. ట్యూబు."

"ఇంగా?"

సువర్ణ చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్ల కొసలు తెల్లగా పగిలి ఉన్నాయి. షెడ్డు కడిగినప్పుడు నా వేళ్లూ అట్లాగే అవుతాయి. కానీ షెడ్డు కడిగి చాలా రోజులైంది.

"బ్లీచింగు నీళ్లు" అంది సువర్ణ.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"ఎవురూ చెప్పలే. షెడ్డులో రోగాలన్నీ దానికే పోతాయి గదా మేడం. గుడ్డలు అందులోనే నానేస్తి. పల్చగా కలిపి కడుక్కుంటి. నా నుంచి పురుగులకు తగుల్తాదేమోనని లోపలికి పోయినప్పుడల్లా కడుక్కుంటి."

"మండలేదా?"

"మండింది. మంట పుడ్తే రోగం చస్తాంది అనుకుంటి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"చూడమ్మా. ఆడ తోలు శానా పల్చన. దానిమీద కంటికి కనపడని జిడ్డు పొర ఉంటాది. అదే కాపలా. నువ్వు సబ్బుతో కడిగితే ఆ పొర పోతాది. పోతే దురద. దురదయితే గోకుతావు. గోకితే మంట. మంటయితే మురికుందని మళ్లా కడుగుతావు. కడిగేకొద్దీ ఎక్కువైతాది. షాపాయనిచ్చిన ట్యూబు చల్లగా ఉంటాది గానీ, ఇష్టమొచ్చినట్ల పూస్తే తోలును ఇంగా పల్చన చేస్తాది. నువ్వు మురికిగా లేవమ్మా. శానా ఎక్కువ కడిగినావు."

సువర్ణ మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదిలాయి. నర్సు కిటికీ తెర సర్దడానికి లేచింది.

తరువాత డాక్టరమ్మ చేయాల్సినవి చెప్పింది. సబ్బు, బ్లీచింగు, పసుపు, వేపాకు, పాత ట్యూబు అన్నీ ఆపాలి. వట్టి నీళ్లతో, చేత్తో, మెల్లగా కడగాలి. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. తరువాత వాసన లేని వాజిలిను పల్చగా రాయాలి. రాత్రి పూట ఆమె రాసిచ్చిన ఆయింటుమెంటు, వేలి కొస మీద పట్టేంత, చెప్పినన్ని రోజులే. వదులుగా ఉండే నూలు గుడ్డలే కట్టాలి. నైలాను వద్దు. గుడ్డలను మామూలు సబ్బుతో ఉతికి, సబ్బు పోయేదాకా జాడించి, ఎండలో ఆరేయాలి. దురద పుడితే గోళ్లు కాదు, చల్లటి తడిగుడ్డ.

"తొందరగా తగ్గదు. తగ్గినాక కూడా చెమట పడితే, వేడి చేస్తే మళ్లా రావొచ్చు. వస్తే బెదరద్దు. మళ్లా ఇదే చెయ్యి. పుండు పడినా, తెల్ల మచ్చలొచ్చినా, వాసన నీళ్లు పోయినా ఆగకుండా నాకాడికి రా." తరువాత నావైపు చూసింది. "నువ్వప్పా, కలిసుండేది ఎప్పుడనేది ఆమె చెప్తాది. నువ్వు అడగద్దు."

"అడగను మేడం."

"అడిగే మనిషి మాదిరి లేవులే" అంది డాక్టరమ్మ. సువర్ణ కళ్లు తుడుచుకుంటూనే కొంచెం నవ్వింది.

బస్టాండులో కళ్యాణదుర్గం బస్సుకు ఇంకా సమయముంది. మజ్జిగ కొనిచ్చాను. ఆమె గ్లాసు పట్టుకుని నీడలో నిలబడింది. గ్లాసులోకి చూస్తూ అంది.

"నీకంటుకుంటాదేమోనని చాప పంచలోకి మార్చుకుంటి."

జనం మా ఇద్దరి మధ్యలోంచి పోతూ ఉన్నారు. మూటలు, కోళ్లు, కాలేజీ పిల్లలు.

"నేనింకోటి అనుకుంటి" అన్నాను.

"ఏమనుకుంటివి?"

"ఏం లేదులే. మజ్జిగ తాగు."

ఆమె సగం తాగి ఆపింది. నా మొహమే చూసింది. అడగకుండానే తెలిసిపోయిందని నాకు తెలిసింది. గ్లాసు నా చేతికిచ్చి, సగం మిగిల్చాను తాగమంది. తాగాను.

బస్సులో ఆమెకు కిటికీ పక్క, తువ్వాలు మడిచి సీటు మీద వేశాను. కూర్చుంది. ఊరు దాటాక నేను అడిగాను.

"జ్వరానికి కూకున్న పురుగును మనమేం చేస్తాము?"

"ఏం చెయ్యం. మేత వెయ్యం, తాకం. తడి లేకుండా చూసుకుంటాం."

"అంతే గదా మరి."

ఆమె కిటికీ కమ్మీకి తల ఆనించింది. "అంతే" అంది. తరువాత కళ్లు మూసుకుంది.

అమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. షెడ్డులో గూళ్లు విడదీస్తున్నప్పుడు, ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి పోయామని, ఇకనుంచి షెడ్డు కడిగే పని, బ్లీచింగు పని నాదేనని చెప్పాను. ఆమె గుడ్డలు ఎండలో ఆరేయాలని కూడా చెప్పాను. మా పక్కన ఆడవాళ్ల లోపలి గుడ్డలు ఎండ చూడవు. స్నానాల మరుగులో, చీర కింద, చీకట్లో ఆరుతాయి. ఎవరైనా చూస్తే తలకొట్టేసినట్టు.

అమ్మ గూటి మీది పీచు తీస్తోంది.

"ఎండలోనా?"

"అవును."

"కుళ్ళాయప్ప గట్టుమీద నిలబడ్తే అంతా కనపడ్తాది."

"అదే చూస్తాండా."

"చూసేదేముండాది. పురుగులకు నాలుగు పక్కలా గోనెపట్టాలు కడ్తావు. ఇంటి ఎనకాల ఒకటి కట్టలేవా?"

కట్టాను. తల ఎత్తున, పైన ఎండ పడేటట్టు. మర్నాడు చూస్తే తీగ మీద సువర్ణ గుడ్డల పక్కన అమ్మ లంగాలు కూడా ఆరుతున్నాయి. అమ్మ తన జన్మలో మొదటిసారి వాటిని ఎండలో వేసింది. ఎందుకు వేసిందో చెప్పలేదు. సువర్ణ ఆ తీగ దగ్గర చాలాసేపు నిలబడడం చూశాను.

షెడ్డు నేనే కడిగాను. కుళ్ళాయప్ప గట్టెక్కాడు.

"ఏమప్పా, చీపురు నీ చేతికొచ్చింది. పెండ్లాం రాణి అయిపాయనే."

"అయితే ఏమన్నా. రాజు ఎవురు మరి?"

తల గోక్కున్నాడు. "నాకాడ కూడా కడిగేది ఉండాది. రాజులు ఆడికీ వస్తారా?" అన్నాడు.

సువర్ణ చాప పంచలోనే ఉంది. నేను అడగలేదు. ఇప్పుడు అడగకపోవడం వేరుగా ఉంది. ఇదివరకు అది గోడ. ఇప్పుడు గోడకు తలుపుందని తెలుసు, అది ఆమె వైపు నుంచే తెరుచుకుంటుందని తెలుసు. రాత్రి గాజులు కదలడం తగ్గింది. నిద్రపోతోందని సంతోషం. మేలుకుని ఉంటే బాగుండునని కూడా అనిపించేది. పొద్దున నీళ్ల బిందె ఎత్తుకుని వస్తూంటే ఆమె నడక చూసేవాణ్ణి. అడుగులు రోజురోజుకూ దగ్గరపడుతూ వచ్చాయి.

ఒకరోజు బాగా ఉక్కబోసింది. నేను తోట నుంచి వచ్చేసరికి ఆమె మరుగు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మందు సబ్బు. పాతది, పారేశామనుకున్నది.

"మళ్లా వచ్చింది బావా."

గొంతులో పాత బెదురు.

"డాక్టరమ్మ చెప్పింది గదా వస్తాదని."

"పోయిందనుకుంటి."

నేను కుండలో గుడ్డ ముంచి పిండి, ఆమెకు అందించాను. ఇంకో చెయ్యి చాచాను. ఆమె సబ్బును నా చేతిలో పెట్టి గుడ్డ తీసుకుంది. నేను అవతలికి పోయి సబ్బును దిబ్బలో పూడ్చాను. తిరిగి వచ్చేసరికి పంచలో స్తంభానికి ఆనుకుని ఉంది.

"ఇప్పుడెట్లుండాది?"

"చల్లగుండాది" అంది. స్తంభానికి తల ఆనించి, "ఈసారి తొందరగా పోతాదేమో" అంది.

పోయింది. మందు తగ్గిస్తూ ఆపేశాము. డాక్టరమ్మ మళ్లీ చూసి, తోలు కోలుకుందని చెప్పింది. వాజిలిను మాత్రం మానొద్దంది. ఆ ఎండాకాలం చివరికి వచ్చింది. కొత్త పురుగులకు ఇంకా సమయముంది. షెడ్డు ఖాళీగా ఉంది.

ఆ మధ్యాహ్నం అమ్మ సంగటి కెలికింది. పుంటికూర పప్పు, శెనిక్కాయల చట్నీ. నేను పంచలో కూర్చున్నాను. అమ్మ నా ముందు ముద్ద పెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది. సువర్ణ ఎప్పుడూ మా తరువాత తినేది, వంటింట్లో గోడకు ఆనుకుని. ఆ పొద్దు తన సంగటి తట్ట పట్టుకుని బయటికి వచ్చింది. ఎక్కడ కూర్చోవాలా అని చూసి, నా పక్కన కాళ్లు మడిచి సక్లముక్లం వేసుకుని కూర్చుంది. ఆమె మోకాలు నా మోకాలికి తగిలింది.

జరుపుకుంటుందని చూశాను. జరుపుకోలేదు.

అమ్మ చూసింది. చెంబు నిండా నీళ్లున్నాయి. అయినా చెంబు పట్టుకుని లేచి లోపలికి పోయింది, మళ్లీ రాలేదు.

సువర్ణ ముద్ద విరిచి పప్పులో అద్దుకుంది. నేనూ విరిచాను. బయట ఎండ రేకుల మీద టిక్కుటిక్కుమంటోంది. ఆమె మెల్లగా తింటోంది, నేనూ మెల్లగా తిన్నాను. ఇద్దరి తట్టలూ ఖాళీ అయ్యే దాకా ఆమె మోకాలు అక్కడే ఉంది.